మధ్యాహ్నం రెండింటి నత్తనడక

కంప్యూటర్లు బాగుచేసే అతన్ని ఆ వీధిలో అందరూ డాక్టరనే పిలిచేవారు. ఆ పిలుపంటే అతనికి ఎంత ఇష్టమంటే, కరెంటు బిల్లు మీద కూడా అదే పేరు పడితే బాగుండుననుకునేవాడు. అలాంటివాడి పరువు జానెడైనా లేని పెట్టె ఒకటి తీసేసింది. అదీ సొంత వదిన ముందు.

వదిన ఇంటి ముందుగదిలో ఎంబ్రాయిడరీ మిషన్ పెట్టుకుని బడిపిల్లల చొక్కాలకు బ్యాడ్జీలు కుడుతుంది. బొమ్మను ముందు కంప్యూటర్లో గీసుకుని, రంగులు సరిచూసుకుని, ఆ తర్వాతే మిషన్‌కు పంపాలి. "ఈ గదిలో నాకే చోటు లేదు, కాస్త చిన్నది చూడు" అని ఆవిడ అడిగితే, డాక్టరే వెతికి వెతికి అరచేతిలో పట్టే మినీ కంప్యూటర్ కొనిపించాడు. దానికి ఫ్యాను లేదు, చప్పుడు లేదు. "పిట్ట కొంచెం, కూత ఘనం వదినా" అంటూ బల్ల కింద చిన్న పీట మీద దాన్ని స్వయంగా కూర్చోబెట్టి వెళ్ళాడు.

నెల తిరక్కుండానే ఫోనొచ్చింది.

"నీ పిట్ట కూత మానేసిందబ్బాయ్! గులాబీకి ఎరుపు వెయ్యమని చెప్పి, మేడ మీద బట్టలారేసి వచ్చాను. ఒక్క రేకకు వేసి కూర్చుంది."

డాక్టరు మర్నాడు పొద్దున్నే సంచీతో దిగాడు. కంప్యూటర్ ఆన్ చేస్తే గుర్రంలా పరిగెత్తింది. గులాబీ ఎర్రబడింది, పచ్చబడింది, అడిగిన రంగుకల్లా మారింది.

"ఏదీ జబ్బు?" అన్నాడు.

"నిన్న మధ్యాహ్నం నువ్వు చూడాల్సింది."

"ఇరవై ప్రోగ్రాములు ఒక్కసారే తెరిచిపెడితే ఏ యంత్రమైనా ఏం చేస్తుంది వదినా?"

"నేను తెరిచేది ఒక్కటే. కావాలంటే మీ అమ్మగారిని అడుగు."

అదే బల్లకు అవతలివైపు కూర్చుని, కుట్టిన బ్యాడ్జీలకు వేలాడే దారప్పోగులు కత్తిరిస్తున్న అమ్మ తల ఊపింది. "ఒక్కటేరా, పాపం."

అయినా చేయి పెట్టినందుకు ఏదో ఒకటి చేయాలి గనక, అక్కర్లేని ప్రోగ్రాములు నాలుగు పీకేసి వెళ్ళాడు. ఆ మధ్యాహ్నమే మళ్ళీ ఫోను. ఈసారి పెట్టెను కొట్టుకే పట్టుకుపోయాడు. మెమరీ పెంచాడు, డిస్కు పరీక్షించాడు, మూడు రోజులు పొద్దస్తమానం నడిపాడు. ఎక్కడా వంక లేదు. తెచ్చి ఇచ్చిన రోజునే మధ్యాహ్నం దాటగానే అది మళ్ళీ నత్తనడకకు దిగింది.

"నీ కొట్లో బుద్ధిమంతుడు, నా ఇంట్లో మొండిఘటం" అంది వదిన. "దీనికి నేనంటే గిట్టదు, అంతే."

"ముసలిదైపోయిందేమోరా, కోప్పడకండి" అని అమ్మ మధ్యలో వకాల్తా పుచ్చుకుంది.

"కొని నెలన్నర కాలేదమ్మా!"

డాక్టరుకు పట్టుదల పెరిగింది. నిమిషానికొకసారి దాని వేడి ఎంతుందో, వేగం ఎంతుందో రాసిపెట్టే చిన్న ప్రోగ్రాము ఒకటి అందులో ఎక్కించాడు. వారం తర్వాత ఆ చిట్టా తెరిచి చూస్తే కళ్ళు తిరిగాయి. రోజూ రెండు గంటలకు వేడి ఎక్కడం మొదలు. మూడయ్యేసరికి తొంభై డిగ్రీలు. వేగం పావు వంతుకు పడిపోయేది. నాలుగున్నరకు మళ్ళీ మామూలే. పని ఉండని ఆదివారం మాత్రం పెట్టె చల్లగా ఉంది.

నెమ్మదించడం దాని తప్పు కాదు. వేడి బయటికి పోయే దారి లేకపోతే, మాడిపోకుండా అలాంటి యంత్రాలు తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. మరి దారి మూస్తున్నది ఏమిటి? కిటికీలోంచి ఎండ బల్ల కిందికి రాదు. గోడకూ పెట్టెకూ మధ్య మూరెడు ఖాళీ ఉంది. ఇంకేం తోచక, ఒకరోజు చెప్పాపెట్టకుండా రెండున్నరకు వెళ్ళాడు.

వదిన తెర వంక ఉరిమి చూస్తోంది. డాక్టరు చప్పుడు చేయకుండా మోకాళ్ళ మీద వంగి, టార్చి వేసి బల్ల కింద చూశాడు. పెట్టె కనబడలేదు. దాని చోట శాలువా చుట్టిన మూట ఒకటి ఉంది. మూటలోంచి ఊలు మేజోళ్ళు వేసుకున్న రెండు మడమలు తొంగి చూస్తున్నాయి. ఆ కాళ్ళ వెంట చూపు పైకి తీసుకెళితే, చేతిలో కత్తెరతో, ఏమీ ఎరగని మొహంతో అమ్మ.

"ఎప్పుడొచ్చావురా?"

"కాళ్ళెక్కడ పెట్టావమ్మా?"

"ఎక్కడ పెడతాను? నా కిందే."

వదిన కూడా వంగి చూసింది. ఇక దాచి లాభం లేదని అమ్మకు అర్థమైంది.

"పొద్దుటి పనులయ్యేసరికి పాదాలు కొయ్యబారిపోతున్నాయిరా. ఒకరోజు పొరపాటున దానికి తగిలాయి. ఎంత వెచ్చగా ఉందో! ప్రాణం లేచొచ్చింది."

"మరి నేనొచ్చినప్పుడు?"

"నువ్వొస్తే సరాసరి బల్ల కిందే దూరతావుగా. తీసేసేదాన్ని."

"నాకైనా చెప్పొచ్చుగా అత్తయ్యా!"

"ఏమని చెప్పనే? నీ కంప్యూటర్ మీద కాళ్ళు పెట్టుకుంటున్నాననా? అది నా వల్లే నీరసపడుతోందని నాకేం తెలుసు? పెట్టేకొద్దీ ఇంకా వెచ్చనవుతుంటే, నా మీద జాలి కాబోలనుకున్నాను."

వదిన కోప్పడదామని నోరు తెరిచింది గానీ నవ్వొచ్చేసింది. నవ్వి నవ్వి మిషన్ మీద తల వాల్చేసింది. డాక్టరు నవ్వలేకపోయాడు. మేజోడు కిందికి లాగి చూస్తే, అంత వెచ్చటి పెట్టె మీదుండి కూడా అమ్మ వేళ్ళు చల్లగానే ఉన్నాయి. నెలన్నరలో ఎన్నిసార్లు ఈ బల్ల కింద దూరాడో లెక్కలేదు. పక్కనున్న ఆ కాళ్ళ సంగతి ఒక్కనాడూ అడగలేదు.

మర్నాడే అమ్మను అసలు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. కాళ్ళకు రక్తం సరిగా ఆడటం లేదని ఆయన మాత్రలు రాసి, రోజూ నడవమని, పాదాలు వెచ్చగా ఉంచుకోమని చెప్పాడు. మినీ కంప్యూటర్‌ను మానిటర్ వెనక బిగించేశారు. అది రెండింటికీ మూడింటికీ కూడా కళ్ళెం తెంచుకున్నట్టు పరిగెత్తసాగింది. అమ్మకు వేడినీళ్ళ రబ్బరు సంచీ కొనిచ్చారు. ఇరవై బ్యాడ్జీలు కత్తిరించేలోగా చల్లారిపోతోందని ఆవిడ దాన్ని వెనక్కిచ్చేసింది.

చివరికి డాక్టరు కొట్టు అటక మీదనుంచి ఇనప్పెట్టెలాంటి పాత కంప్యూటర్ ఒకటి దింపి, దుమ్ము దులిపి, గాలి రంధ్రాలు మూసుకుపోకుండా పైన రేకు బిగించి బల్ల కింద పెట్టాడు. అమ్మ దాని మీద కాళ్ళు చాచి కాసేపు చూసి పెదవి విరిచింది.

"దీనికన్నా ఆ బుల్లిదే నయంరా. ఇది నులివెచ్చగానైనా లేదు."

ఇరవై ఏళ్ళుగా యంత్రాల వేడి తగ్గించడమే వృత్తిగా బతికినవాడు మళ్ళీ బల్ల కింద దూరి, దానికి ఒళ్ళు వంచి చేసే పని ఏమిద్దామా అని ఆలోచనలో పడ్డాడు. బ్యాడ్జీల కోసం వచ్చిన బడి టీచరమ్మ అతని కాళ్ళు మాత్రమే చూసి పలకరించింది.

"ఏమండీ డాక్టరుగారూ, మళ్ళీ నెమ్మదించిందా?"

"లేదమ్మా, చల్లబడింది" అని లోపల్నించి జవాబొచ్చింది.

తెగని లెక్కలు నాలుగు రకాలు అప్పజెప్పాక పాత కంప్యూటర్ బుసలు కొట్టడం మొదలుపెట్టింది. అమ్మ కళ్ళు అరమోడ్చి కుర్చీలో వెనక్కి వాలింది.

"ఆ... ఇప్పుడు దారికొచ్చింది. ఇంకో రెండు లెక్కలివ్వరా, కుర్రదే, చేస్తుంది."