కణాలకు అందని కబురు

పదహారు నిండినా నేను పెద్దమనిషి కాలేదు. ఊళ్లో ఆడవాళ్ల నోళ్లు మూయించలేక మా అమ్మ ఒక పని చేసింది. ఒకరోజు పొద్దున్నే నన్ను మూలన చాప మీద కూర్చోబెట్టి, మా సిద్దమ్మ సమర్తాడిందని వీధంతా చెప్పి వచ్చింది. ఆచారం ప్రకారం అమ్మ తమ్ముడు ఎర్రిస్వామి మామ పచ్చికొమ్మలు కొట్టుకొచ్చి వాకిట్లో గుడిసె వేశాడు. తొమ్మిది రోజులు అందులో కూర్చుని నువ్వుల ఉండలు తింటూ, రాని పెద్దరికాన్ని వెలగబెట్టాను. నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని.

నవ్వులాట అక్కడితో ఆగలేదు. నన్ను మామకే ఇవ్వాలని నేను పుట్టినప్పుడే అనుకున్నారు. రెండువేల మూడులో, శనక్కాయ పంట ఇంటికొచ్చాక పెళ్లన్నారు. నాకూ ఇష్టమే. గార్లదిన్నె సంతకు పోయినప్పుడల్లా నాకని విడిగా ఒక మిఠాయి పొట్లం కట్టించుకొచ్చే మనిషి, ఇష్టం లేకుండా ఎలా ఉంటుంది?

ఆ ఎండాకాలం బిందెలు మోస్తుంటే గజ్జల్లో నొప్పి మొదలైంది. అమ్మ నన్ను అనంతపురంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె స్కానింగు చేయించి, రక్తం బెంగళూరుకు పంపి, నెల తర్వాత మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఓపిగ్గా చెప్పింది. ఒంట్లో కణాలు రసాయనాలతో ఒకదానికొకటి కబురు పంపుకుంటాయట. మగపిల్లాడిగా పెరగమని చెప్పే రసాయనం నాలో తయారవుతోందట. గజ్జల్లో నొప్పి పెట్టేది దాన్ని తయారుచేసే గ్రంథులేనట. కానీ దాన్ని అందుకునే చోటు నా కణాల్లో పనిచేయదట. తల్లి కడుపులో ఉన్నప్పుడే కబురు అందక నా ఒళ్లు ఆడపిల్లలా పెరిగింది. గర్భసంచి మాత్రం ఏర్పడలేదు.

"నువ్వు ఆడపిల్లవేనమ్మా, అందులో అనుమానం పెట్టుకోకు" అంది చివర్లో.

బస్సులో అమ్మ ఒకటే చెప్పింది: నోరు మూసుకుని తాళి కట్టించుకో, పిల్లలు పుట్టనివాళ్లు లోకంలో లేరా అని. నాయనకు కూడా చెప్పనివ్వలేదు. నాకు ఒళ్లు మండింది. పిల్లలంటే పడిచచ్చే మామ, ఏటేటా ఆశపెట్టుకుని నా మొహం చూస్తుంటే ఎలా బతకను?

మర్నాడు చేనికి పోయి మామకు అంతా చెప్పేశాను, దొంగ సమర్తతో సహా. ఆయన గట్టు మీద కూలబడ్డాడు. "నొప్పి ఉండాదా ఇంకా?" అని అడిగాడు. తగ్గిందన్నాను.

"నాకు పిల్లోళ్లు కావాల సిద్దమ్మా. నీతో అబద్దం చెప్పలేను" అన్నాడు. మళ్లీ తనే, "నీ మాట యాడా బయటికి రానీను. నేనే వద్దంటినని చెప్తా."

పిల్లలు లేకపోతే ఏమిలే అంటాడని ఎంత ఆశపడ్డానో అప్పుడు తెలిసింది.

మామ మాట మీద నిలబడ్డాడు. పంచాయితీలో పదిమంది తిట్టినా తల వంచుకున్నాడు. నాయన ఆయన్ను మా గడప తొక్కొద్దన్నాడు. ఏడాది తిరక్కుండా మామ కొత్తచెరువు పిల్లను చేసుకున్నాడు.

నాలుగేళ్లయింది. నేను మిషన్ కుడతాను. రవికెలు కుట్టించుకునేవాళ్లు మామను తలుచుకుని, ఆడపిల్ల ఉసురు పోసుకున్నాడంటారు. నేను తలూపుతాను. ఎందుకు ఒంటరినయ్యానో ఊళ్లో తెలిసింది అమ్మకూ మామకూ మాత్రమే. అమ్మ ఆ మాటే ఎత్తనివ్వదు.

మొన్న బస్సులో మామ ఎదురు సీట్లో కనబడ్డాడు, ఒళ్లో రెండేళ్ల కూతురు. బాగున్నావా అని అడగబోతున్నట్టు నోరు తెరిచాడు. నా పక్కన నాయన ఉన్నాడు. నేను మొహం తిప్పుకున్నాను. కోపంగా తిప్పుకోవాలి కదా, కోపంగానే తిప్పుకున్నాను.