తోకలో కిమ్చి డబ్బాలు

మా అక్క ఒక్‌బున్‌కి "చాలు" అన్న మాట ఎవరూ నేర్పలేదు. అన్నం వడ్డిస్తే గిన్నె అంచు కనపడకూడదు. ఊరికి బయల్దేరితే సంచి జిప్పు పడకూడదు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే కాబట్టి ఆ వడ్డనలన్నీ నా ఒంటి మీద కనిపిస్తూనే ఉంటాయి, ఏం చేస్తాం!

ప్రతి నవంబరులో మేం వొన్జులోని మా ఇంటి నుంచి జంగ్‌సన్ కొండల్లో ఉన్న అక్క ఇంటికి గిమ్‌జాంగ్‌కి వెళ్తాం. చలికాలం అంతటికీ కిమ్చి, అదే మా కారం క్యాబేజీ ఊరగాయ, అక్కడే పెట్టుకుని తెచ్చుకుంటాం. ఇన్నేళ్ళూ బావ తరపు చుట్టాలందరితో కలిసి ఒకే గదిలో, ఒకరి కాలు ఇంకొకరి మొహం మీద వేసుకుని పడుకున్నాం. ఈ ఏడు ఆ బాధ లేదు. వసంతంలో లోపలే పడుకునేందుకు చిన్న క్యారవాన్ కొన్నాం కదా, మా బుల్లి ఎస్‌యూవీకి తగిలించి లాక్కెళ్ళాం. తేలికపాటిది, మామూలు లైసెన్సు చాలు. నడిపేది నేను. మా ఆయన జేపిల్ పని అంతా బయల్దేరే ముందే. గొలుసులు, కొక్కెం, టైర్లలో గాలి, వెనక లైట్లు... అన్నీ ఒకటికి రెండుసార్లు చూస్తాడు. ఒక్కోసారి నాకు ఒళ్ళు మండిపోతుంది గానీ, చూడనీలే అని ఊరుకుంటాను.

ఆ రోజు పొద్దున్న పెరట్లో ఆడవాళ్ళందరూ రబ్బరు గ్లవుజులు వేసుకుని క్యాబేజీలకి కారం పట్టిస్తుంటే, ఈయన ఇంటి నుంచి వెంట తెచ్చుకున్న బాత్రూం తూకం మిషన్ తీసి క్యారవాన్ ముక్కు కింద పెట్టాడు.

మా అక్క ఊరుకుంటుందా?

"ఏం మరిదీ, దానికి జ్వరం చూస్తున్నావా?"

"తూకం చూస్తున్నా వదినా. ముక్కు మీద కాస్త బరువుండాలి. తోక బరువెక్కితే బండి తోక ఊపుతుంది."

"మా కుక్క కూడా ఊపుతుంది. దాన్నెప్పుడూ తూచలేదే మేము!"

పెరడంతా గొల్లుమంది. జేపిల్ కూడా నవ్వాడు. నవ్వుతూనే మా వాటా కిమ్చి డబ్బాల్ని ఒక్కొక్కటే మోసుకెళ్ళి, క్యారవాన్ లోపల చక్రాలకి సరిగ్గా పైన, కొంచెం ముందుకి జరిపి, నేల మీద పేర్చి బెల్టులతో కట్టేశాడు. ఆ బరువుకి బదులు తగ్గించడానికి నీళ్ళ ట్యాంకు కూడా ఖాళీ చేశాడు. మళ్ళీ తూచాడు. "సరిపోయింది. ఇంక ఒక్క ముల్లంగి కూడా ఎక్కకూడదు," అన్నాడు.

పని అయ్యాక అందరం వేడివేడి ఉడికించిన పంది మాంసం, అప్పుడే కలిపిన కిమ్చి పెట్టుకుని కూర్చున్నాం. గిమ్‌జాంగ్ చేసేదే ఆ ముద్ద కోసం! మధ్యలో అక్క లేచి బయటికెళ్ళింది. చాలాసేపటికి వచ్చింది. ఇంకో పళ్ళెం తేవడానికి వెళ్ళిందేమో అనుకున్నా. చేతిలో పళ్ళెం లేదు, మొహం మాత్రం వెలిగిపోతోంది.

సాయంత్రం మంచు పడుతుందన్నారని మధ్యాహ్నమే బయల్దేరాం. అక్క గేటు దగ్గర నిలబడి, "నెమ్మదిగా వెళ్ళండే! ఇంటికెళ్ళి తలుపు తీస్తే తెలుస్తుంది మీకు!" అని అరిచింది. నాకేం అర్థం కాలేదు. మా అమ్మాయి నారే వెనక సీట్లోంచి "పెద్దమ్మా, బై!" అంటూ చెయ్యి ఊపింది. దానికి ఏడేళ్ళు.

మొదట్లో అంతా ఎక్కుడు, మలుపులు, నత్తనడక. ఏ తేడా తెలియలేదు. కొండ కొసకి చేరి దిగడం మొదలెట్టాక గేరు తగ్గించి వదిలాను. కారు వెనకవైపు ఎందుకో తేలిగ్గా అనిపించింది, వెనక చక్రాలు నేలని సరిగ్గా పట్టుకోనట్టు. "ఏమండీ, ఏదో తేడాగా ఉంది," అని నేను అంటున్నానో లేదో, పక్కనుంచి టూరిస్టు బస్సు ఒకటి దూసుకుపోయింది.

ఆ గాలికి క్యారవాన్ ఒకసారి అటు లాగింది. తర్వాత ఇటు. అక్కడితో ఆగితే బావుండేది. మూడోసారి ఇంకా గట్టిగా లాగింది, కారు వెనక భాగాన్ని కూడా పట్టి ఊపేసింది. అద్దంలో చూస్తే క్యారవాన్ తోక పసుపు గీత దాటి అవతలికి వెళ్తోంది. ఎదురుగా లారీ వస్తోంది. నారే "అమ్మా!" అని ఒక్క కేక పెట్టింది. నా కాలు బ్రేకు మీదకి వెళ్ళిపోయింది.

"బ్రేకు వద్దు."

జేపిల్ అరవలేదు. అన్నం తినేటప్పుడు ఉప్పు అందుకోమన్నంత మామూలుగా అన్నాడు.

"కాలు తీసెయ్. స్టీరింగు తిప్పకు, నేరుగా పట్టుకో. అది ఊగనీ. నువ్వు ఊగకు. ఆఁ... అంతే. అంతే."

ఊగుతున్నదాన్ని వెనక్కి తిప్పి సరిచేద్దామని నా చేతులు ఎంత కొట్టుకున్నాయో నాకే తెలుసు. తిప్పలేదు. పళ్ళు బిగబట్టి నేరుగా పట్టుకున్నాను. లారీ హారన్ కొట్టుకుంటూ చెవి పక్క నుంచే పోయింది. ఊపు కాస్త తగ్గింది. ఇంకాస్త తగ్గింది. చివరికి క్యారవాన్ బుద్ధిగా వెనకాలే రావడం మొదలెట్టింది. టైర్లకి మంచు గొలుసులు తగిలించుకునే జాగా ఒకటి కనపడితే అక్కడికి మళ్ళించి ఆపాను.

వెనక్కి తిరిగి నారే మొహం, చేతులు, మోకాళ్ళు తడిమి చూశాను. "అమ్మా, క్యారవాన్‌కి పిచ్చెక్కిందా?" అంది. నాకు నవ్వొచ్చింది, నవ్వుతుంటే ఏడుపొచ్చింది.

జేపిల్ దిగి క్యారవాన్ వెనక్కి వెళ్ళాడు. వెనక అడుగున చిన్న సామాన్ల అర ఉంటుంది, బయటి నుంచి తెరిచేది. మేం అందులో మడత కుర్చీలు తప్ప ఇంకేం పెట్టం. తెరిచి, "హేరాన్, ఇలా రా," అన్నాడు.

కుర్చీలు లేవు. వాటి చోట అక్క పూల దుప్పటి, దాని కింద నాలుగు కిమ్చి డబ్బాలు, డోయెన్‌జాంగ్ సోయా ముద్ద జాడీ, బంగాళాదుంపల బస్తా! ఆ బరువుకి తోక నేలకి దిగిపోయి ఉంది. ఒక డబ్బా మూత మీద టేపు అంటించి, వంకర అక్షరాలతో "నారేకి, కారం లేదు" అని రాసుంది.

ఫోన్ తీశాను. అవతల "ఏమే, అప్పుడే చేరారా?" అన్న గొంతు వినపడగానే కోపంతో నాకు కళ్ళు కనపడలేదు.

"చంపేద్దామనుకున్నావా మమ్మల్ని? ఒక్క ముల్లంగి కూడా వద్దని చెప్పాడా లేదా? కొండ దిగుతుంటే లారీ కిందకి వెళ్ళిపోయేవాళ్ళం! నా కూతురు, అక్కా! నా కూతురు వెనకాల కూర్చుంది! నీ ప్రేమకో దణ్ణం, నీ డబ్బాలకో దణ్ణం! ఇంకెప్పుడూ నీ గుమ్మం తొక్కను!"

"ఎక్కడున్నారు?" అంది అక్క. చెప్పాను. పెట్టేసింది.

వెనక ఉన్నవి లోపలికి మారుద్దామంటే మొత్తం బరువే ఎక్కువైపోయిందన్నాడు జేపిల్. ఆ డబ్బాలు రోడ్డు పక్క వదిలేసి పోదామన్నాను. ఆయన నారేకి జాకెట్టు తొడిగాడు. "చెప్పాను కదా" అన్న మాట ఆయన నోటి వెంట వస్తుందేమోనని చూస్తున్నాను. రాలేదు. ఆ ఒక్క మాట అననందుకు ఆ మనిషికి అక్కడే, ఆ కంకర మీదే సాష్టాంగపడాలనిపించింది.

కాసేపటికి బావ టన్ను లారీ దడదడమంటూ దిగి వచ్చింది. నడిపేది అక్కే. పూల పైజామా, రబ్బరు బూట్లు, మోచేతుల దాకా గ్లవుజులు. ఆ గ్లవుజులకి కారం ఇంకా అలాగే ఉంది. కారం గిన్నెలు కడుగుతూ కడుగుతూ, విప్పడం కూడా మర్చిపోయి బయల్దేరినట్టుంది. నేరుగా నారే దగ్గరికి వచ్చింది. ముట్టుకోబోయి, కారం చూసుకుని, రెండు చేతులూ దూరంగా పెట్టి, వంగి పిల్ల నెత్తి మీద గడ్డం ఆనించింది.

నావైపు చూడలేదు. జేపిల్ దగ్గరికి వెళ్ళింది.

"మరిదీ, తోకలో ఎందుకు పెట్టకూడదు? నాకు అర్థమయ్యేలా చెప్పు."

"చిన్నప్పుడు వీపు మీద కట్టెల మోపు మోసేవారు కదా వదినా. మోపు కిందకి, వెనక్కి వేలాడితే ఏమయ్యేది?"

"మనిషిని వెనక్కి లాగేసేది. దిగుడులో అయితే అటూ ఇటూ తోసేసేది." అక్క క్యారవాన్ తోక వైపు చూసింది. "ఓరి దేవుడా! అంత తెలిసిన దాన్ని..."

"మీరు మోసింది వీపు మీద. ఇది కారు వీపు. అంతే తేడా."

"పొద్దున్న నిన్ను చూసి నవ్వాను."

"మీరు నవ్వకపోతే అది గిమ్‌జాంగే కాదు వదినా. వచ్చే ఏడు కూడా నవ్వండి. కాకపోతే నేను తూచాక ఏమీ పెట్టకండి."

మా అక్క తల ఊపింది. బావకీ, అత్తగారికీ, ఊరి పెద్దకీ ఎన్నడూ ఊపని తల!

ముగ్గురం కలిసి డబ్బాలన్నీ లారీలోకి ఎక్కించాం. నారే డబ్బా మాత్రం జేపిల్ వదల్లేదు. కారులో, ముందు సీటు దగ్గర, తన కాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. క్యారవాన్ ముక్కు మళ్ళీ తూచాడు, కొక్కెం మళ్ళీ లాగి చూశాడు. ఈసారి నాకు ఒళ్ళు మండలేదు. ఇంకోసారి చూడమని నేనే అడిగాను.

బయల్దేరాం. కారు నిలకడగా, బుద్ధిగా చేతిలోకి వచ్చింది. అద్దంలో చూస్తే అక్క లారీ వెనకాలే ఉంది, రెండు లైట్లూ టపటపా కొట్టుకుంటూ. బస్సు వస్తే కొంచెం బయటికి జరిగి దాన్ని మెల్లగా పోయేలా చేస్తోంది. హారన్లు కొట్టినవాళ్ళని కిటికీలోంచి తిడుతోందని చూడకుండానే చెప్పగలను.

కొండ అయిపోయి చదును వచ్చాక ఫోన్ చేశాను. "అక్కా, ఇంక వెళ్ళు. రోడ్డు బానే ఉంది. మంచు పడేలోపు ఇల్లు చేరు."

"నోర్మూసుకుని ముందు చూసి నడుపు," అంది.

నోర్మూసుకున్నాను. కళ్ళు తుడుచుకున్నాను. మొగుడు పక్కన ఉన్నాడు, కూతురు వెనకాల కునుకు తీస్తోంది, అక్క లైట్లు అద్దంలో ఉన్నాయి. ఇంత భాగ్యం నాకెక్కడిదా అనుకుంటూ, ఎనభై దాటకుండా వొన్జు దాకా నడిపాను.

మా అపార్టుమెంటు కింద ఆపగానే అక్క లారీ వెనక తలుపు దభీమని పడింది. వెనక్కి తీసుకెళ్ళిపోతుందనుకున్న డబ్బాలు, జాడీ, బస్తా, అన్నీ దింపి లిఫ్టు ముందు వరసగా పేరుస్తోంది. ఆ రాత్రికి మా ఇంట్లోనే ఉంటానని బావకి అప్పటికే ఫోన్ కూడా చేసేసిందట.

నేను ఆవిడ పక్కకి వెళ్ళి నిలబడ్డాను. "అక్కా, ఫోన్లో నేనన్న మాటలు..."

అక్క గ్లవుజులు విప్పి బొడ్లో దోపుకుంది. గ్లవుజుల్లో నాని తెల్లగా పాలిపోయిన ఆ చేతులతో నా మొహం పట్టుకుంది.

"మీరు బయల్దేరాక నా గుండె ఏదోలా కొట్టుకుంటూనే ఉందే. ఫోన్ మోగింది. చెడు కబురు చెప్పే పరాయివాళ్ళు కాదు, నువ్వు. నువ్వే తిట్టావు. ఎంత హాయిగా ఉందో తెలుసా? రోజూ చేసి తిట్టు."