గోడవైపు తిప్పిన పుర్రె

“ఎవరో ఒకరు సచ్చేదాకా నువ్వు ఊరుకోవు,” అంది మునియమ్మ, మొగుడు తలగుడ్డ ఇంకా విప్పకముందే.

సన్యాసి మొలలోంచి తీసింది ఒక కాగితం. దాని మీద పుర్రె, కింద అడ్డంగా రెండు ఎముకలు. ఫిజీ దీవుల్లోని లబాసా చక్కెర మిల్లులో చెరకురసం పరీక్ష చేసే గదిలో గాజు గొట్టాలు కడగడం అతని పని. అక్కడికి సీసపు చక్కెర అనే విషప్పొడి వచ్చిన చెక్కపెట్టె మీంచి దీన్ని ఊడదీసి తెచ్చాడు.

“ఉత్త కాగితమేనే. పొడి దొర బీరువాలో ఉంది. సిడ్నీ నుంచి ఓడ రాలేదని తాళమేసి మరీ వాడుతున్నాడు.”

ఆ పొడి సంగతి మునియమ్మకు కంఠతా వచ్చు. తెల్లగా ఉంటుంది, పుల్లటి వాసన, చేతికి బరువు. కాస్త వేస్తే రసంలోని మడ్డి అడుక్కి దిగుతుంది; తేరిన రసాన్ని గొట్టంలో పోసి చూసి, తీపి ఎంతుందో దొర చెబుతాడు. నాలుకకూ తియ్యగానే ఉంటుందట. మింగితే మాత్రం పేగులు మెలిపెడతాయి, చేతులు పడిపోతాయి, చిగుళ్ళ మీద నీలిగీత పడుతుంది. ఇదంతా విన్న రోజు నుంచి ఆమె ఆర్నెల్ల కూతురు కుంతి నోరు తెరిచి రోజుకు నాలుగుసార్లు చూస్తోంది. ఆ పిల్లకింకా పన్నే రాలేదు.

ఆదివారం కుంతికి అన్నప్రాశన. పాయసానికని రేషన్లో మిగిల్చిన చక్కెర ఇప్పటికి రెండుసార్లు సగానికి దిగింది. అందరూ పనిలో ఉండగా కూలీలుండే లైన్ల గదుల్లోకి తనిఖీ పేరుతో వెళ్ళేది వాళ్ళమీద మేస్త్రీ అయిన సర్దారు రాందాసు ఒక్కడే. మొహం మీదే అడిగితే మర్నాడు రెండింతల పని చెబుతాడు. అందుకే ఈ పుర్రె.

మునియమ్మ దాన్ని గంజితో చక్కెర డబ్బాకు అంటించి, చేతులు ఏడుసార్లు కడుక్కుంది. డబ్బా గూట్లో పెట్టి చూస్తే పుర్రె తిన్నగా ఉయ్యాల వైపే చూస్తున్నట్టనిపించింది. పిల్ల జడుసుకుంటుందని దాన్ని గోడవైపు తిప్పేసింది.

శనివారం మధ్యాహ్నం పిల్లకు పాలివ్వడానికి వచ్చి చూస్తే చక్కెర మళ్ళీ దిగిపోయింది. ఆమెకు భయం పట్టుకుంది, చక్కెర కోసం కాదు. కాగితానికి ఆ పొడి రవ్వంత అంటుకుని, అది డబ్బాలో రాలి ఉంటే? సర్దారు పోతే తనను ఉరి తీస్తారు. కుంతి ఎవరి పాలు తాగుతుంది?

సన్యాసి పని నుంచి రాగానే పట్టుకుంది. “దానికి విరుగుడేటి?”

“పై పెట్టె కాగితమే, పొడి దాని మొహం కూడా సూళ్ళేదు.”

“విరుగుడేటని అడిగాను.”

“భేది ఉప్పు,” అన్నాడు. అన్నాక అతని మీసం కింద నవ్వు కదిలింది. మళ్ళీ మిల్లుకు పరుగెత్తి ఒక మోతాదు తెచ్చాడు.

పొద్దు వాలే వేళ లైన్ల ముందు అందరూ చేరారు. సన్యాసి డబ్బా ఎత్తి పుర్రెను చుట్టూ తిప్పి చూపించాడు. “దీంట్లోది ఎవరైనా తిన్నారా? తింటే చిగుళ్ళు నీలమైపోతాయి. మందు ఒక్కరికే ఉంది.”

“మేమెక్కడ తింటాం తమ్ముడూ, పగలంతా చెరకులోనే కదా,” అంది పక్కగది ద్రౌపది. “గదుల్లో తిరిగే తీరిక మాకేది?”

బోర్లించిన బకెట్టు మీద కూర్చున్న రాందాసు మీసం దువ్వడం ఆపాడు. మెల్లిగా వేలితో చిగుళ్ళు తడిమి, వేలును చూసుకున్నాడు. సన్యాసి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

నవ్వు రానిది మునియమ్మ ఒక్కదానికే. భేది ఉప్పు కలిపిన నీళ్ళ గిన్నె పట్టుకుని సర్దారు ముందు నిలబడింది.

“సర్దారన్నా, సక్కెర గురించి అడగట్లేదు. తినుంటే ఇది తాగెయ్యి. నాకు సంటిపిల్లుంది.”

రాందాసు నేల చూశాడు. మిల్లు కూత మోగి ఆగింది. ద్రౌపది తమలపాకు నమలడం మానేసింది. చివరికి సర్దారు కడుపు గుర్రుమంది.

“రెండు పిడికిళ్ళే,” అన్నాడు గిన్నె కోసం చేయి చాపుతూ. “ముందు తిన్నవి కూడా సెప్పాలా?”