వంకర కుట్టు

ఇళ్ళల్లో ముక్కలు అతికి తెచ్చిన బొంతలకు పైగుడ్డ, దూది, అడుగుగుడ్డ కలిపి కుట్టిపెట్టే పెద్ద మిషన్ నాది. వంకర కుట్టు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న ఒకమ్మాయి ఇచ్చిన బొంతలో చివరి వరస మరీ అధ్వానం. మిషన్ ఎక్కించేముందు దాన్ని విప్పి, తిన్నగా కుట్టాను. ఆమె అడగలేదు, నేనే ఉపకారమనుకున్నాను.

ఈరోజు వచ్చి, బొంత పరిచి, ఆ అంచంతా వేలితో తడిమింది. మళ్ళీ తడిమింది.

"ఇక్కడ వంకరగా ఉండాలండీ."

"సరిచేశానమ్మా," అన్నాను గొప్పగా.

"కళ్ళు కనపడక అమ్మ తడుముకుంటూ కుట్టిన వరసండీ అది. మర్నాడే పోయింది." అడిగింది: "విప్పిన దారాలైనా ఉన్నాయా?"

పొద్దున్నే గది ఊడ్చేశాను. చెత్తబండి కూడా వచ్చి వెళ్ళిపోయింది.