నడిమి చెలక

మా ఇప్పలగుంపునూ, వాగు అవతలి బద్యా తండానూ కలిపి ఎక్కించినా రెండు బస్సులు నిండవు. అలాంటి రెండు ఊళ్ళు ఆ ఏడు ఒకదాని మీద ఒకటి యుద్ధానికి సిద్ధమయ్యాయి. ఈ మాట చెబితే కొత్తగూడెంలో మా చుట్టాలు నవ్వారు. వాళ్ళకేం, నవ్వుతారు. బాణాలు నూరినవాళ్ళలో నా తమ్ముడు సతీష్ ఉన్నాడు. గొడ్డళ్ళు నూరినవాళ్ళలో నా చేతి అన్నం తిని పెరిగిన కోటేష్ ఉన్నాడు. నాకు నవ్వు రాలేదు, ఇప్పటికీ రాదు.

మేం కోయలం, వాళ్ళు లంబాడాలు. మా వేల్పులు వేరు, వాళ్ళ దేవతలు వేరు, ఇంట్లో మాట్లాడుకునే భాషలు కూడా వేరు. మమ్మల్ని కలిపింది జంగలాతోళ్ళే, అంటే అడవి శాఖవాళ్ళే. నేను పుట్టకముందు మా అయ్య దూలయ్యా, తండాలోని మోతీలాల్ కాకా కలిసి వాగు పక్కన వాలు నేలలో మోళ్ళు పీకి పోడు కొట్టారు. జంగలాతోళ్ళు వచ్చి నాగళ్ళు పట్టుకుపోయేవాళ్ళు, గుడిసెలు పీకేసేవాళ్ళు. ఒక్క ఊరి జనంతో వాళ్ళను ఆపడం అయ్యే పని కాదని ఇద్దరికీ తెలిసొచ్చింది. అప్పుడు రెండు ఊళ్ళకూ ఒకే డోలు చేయించారు. జీపు ముందుగా ఎవరి కంట పడితే వాళ్ళు మనిషిని ఉరికించైనా సరే డోలు కొట్టించాలి. మూడు దెబ్బలు, కొంచెం ఆగి మళ్ళీ మూడు. అది వినబడితే అవతలి ఊరివాళ్ళు తింటున్న కంచం వదిలేసైనా గొడ్డలి భుజానేసుకుని రావాలి. డోలు ఒక ఏడు మా ఇంట్లో ఉంటే మరుసటి ఏడు తండాలో ఉండాలి. విత్తనాలకు ముందు మేం చేసుకునే భూమి పండుగ నాడు చేతులు మారేది.

చిన్నప్పుడు ఆ డోలు మోగడం నేను చూశాను. వాగులో బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు అలాగే తడి చీరలతో పరుగెత్తారు. తండా మగవాళ్ళు బాట నిండా వచ్చి మా వాళ్ళ పక్కన నిలబడ్డారు. ఎవరూ ఎవరినీ కొట్టలేదు. జీపు కాసేపు నిలబడి వెనక్కి తిరిగి పోయింది. ఆ రోజు అయ్యా, కాకా ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని తాగిన ఇప్పసారా వాసన నాకింకా గుర్తుంది.

ఆ వాలు నేలే నడిమి చెలక. మా రెండిళ్ళకూ ఏడాది పొడుగునా తిండి అక్కడినుంచే. దానికి హద్దు లేదు. జొన్నా కందీ కలిపి చల్లి, కలిసి కోసి, కళ్ళంలో ఒకే కుప్ప పోసేవాళ్ళు. మీకో తట్ట, మాకో తట్ట అంటూ పంచుకునేవాళ్ళు. చివర ఒక్క తట్ట మిగిలితే ఆ ఏడు ఎవరింట్లో బాలింత ఉంటే వాళ్ళది. సతీష్ పుట్టిన ఏడు అది మాకొచ్చింది. ఆ తర్వాతి ఏడు మోతీలాల్ కాకాకు కోటేష్ పుట్టాడు, తట్ట ఆయన భార్య కమ్లి కాకికి వెళ్ళింది.

అడవి భూములకు పట్టాలిచ్చే చట్టం వచ్చిందని తెలిసినప్పుడు రెండు ఊళ్ళలోనూ సంబరమే. సర్వేకు వస్తారట, ఎవరి హద్దు వాళ్ళు చూపించాలట అని జూలూరుపాడు నుంచి కబురొచ్చింది. ఆ సాయంత్రమే సతీష్ అయ్యను అడిగాడు, నడిమి చెలకకు హద్దు ఏదని. వాగు అవతల కోటేష్ కూడా అదే మాట కాకాను అడిగాడట. ఇన్నేళ్ళలో ఎవరికీ తట్టని ప్రశ్న ఒక్క కబురుతో ఇద్దరికీ ఒకేసారి తట్టింది. మా బాగు కోసం వచ్చిన చట్టం మొదట మాకు చేసిన మేలు ఇది.

సతీష్, కోటేష్ ఒకే హాస్టల్లో, ఒకే పెట్టెలో బట్టలు పెట్టుకుని చదివారు. ఇప్పుడు సతీష్, అడవి మా తాతలది, వాళ్ళు వెనకొచ్చినవాళ్ళు అనడం మొదలుపెట్టాడు. మా నాయిన మోళ్ళు పీకకపోతే అక్కడ చెలకే లేదని కోటేష్ అన్నాడు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది, మా ఖర్మ అదే. పూర్తి అబద్ధమైతే ఎవరో ఒకరు నవ్వి ఊరుకునేవాళ్ళు.

ఒక పొద్దున సతీష్ చెలక నడుమ రాళ్ళు పాతాడు. సాయంత్రానికి కోటేష్ వాటిని పీకి వాగులో వేశాడు. తర్వాత మా మేకలను తండాలో కట్టేశారు, వాళ్ళ ఎడ్లను మా దొడ్లో. కమ్లి కాకి మిరపకాయలు తెచ్చి మా అమ్మ జంపక్క దగ్గర ఇప్పపువ్వు పట్టుకుపోవడం ఆగిపోయింది. వాగులో ఎదురుపడితే ఇద్దరూ బిందెలు ముంచుకుని తలొంచుకుని పోయేవాళ్ళు. నాకు ఆ ఇద్దరి మీదా కోపం వచ్చేది. మగపిల్లల పంతాలకు వీళ్ళు నోళ్ళు కుట్టుకోవడమేమిటి?

భూమి పండుగ వచ్చింది. మా మగవాళ్ళు వేటకు పోయేటప్పుడు అడవిలో జంతువులను మావైపు తోలడానికి తండావాళ్ళు రావడం మామూలు. వేటలో వాళ్ళకూ వాటా ఉండేది. ఆ ఏడు వాళ్ళను పిలవలేదు. మావాళ్ళే పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చారు. ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్ళం పేడనీళ్ళు చల్లి ఎగతాళి చేయాలి, అది పండుగలో సరదా. ఆ రోజు ఎవరమూ చెయ్యెత్తలేదు. డోలు తండాకు పోవాల్సిన ఏడు అది. అయ్య దాన్ని భుజానికెత్తుకునేసరికి సతీష్ గడపకు అడ్డం నిలబడ్డాడు.

"మన డోలు కొట్టుకుంటనే మన మీదికొస్తరు. ఇయ్యొద్దు" అన్నాడు.

అయ్య వాడి మొహం చూశాడు. చెంప మీద ఒక్కటిచ్చి ఉంటే బాగుండేది. ఇవ్వలేదు. డోలు తీసుకెళ్ళి మళ్ళీ దూలానికి తగిలించాడు. ఆ రాత్రి మా అయ్య మీద నాకు వచ్చినంత కోపం సతీష్ మీద కూడా రాలేదు.

డోలు రాకపోవడంతో తండాకు అనుమానం తీరిపోయింది. యుద్ధం ఖాయమని నిశ్చయించుకున్నారు. తండా నుంచి చెలకకొచ్చే బాట మీద కోటేష్ ముళ్ళకంప అడ్డం వేయించాడు. వాగు ఒడ్డున మావాళ్ళు మంచె కట్టి కాపలా పెట్టారు. పందుల కోసం కట్టే మంచె అది, ఇప్పుడు మనుషుల కోసం కట్టారు. అయ్యా, కాకా ఒకసారి వాగులో నిలబడి మాట్లాడుకున్నారు. చెలక ఉమ్మడిదే, అలాగే రాయమని సర్వేవాళ్ళకు ఇద్దరం కలిసి చెబుదామనుకున్నారు. ఇంటికొచ్చి చెబితే ఇక్కడ సతీష్, అక్కడ కోటేష్ ఒక్క మాటే అన్నారు. ముసలోళ్ళకు మతిపోయిందన్నారు. వాళ్ళిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

దసరా పోయింది. జొన్న మనిషెత్తు పెరిగి కంకి పాలు పోసుకుంటోంది. ఒక పొద్దున అమ్మా, నేనూ కలుపు తీస్తుంటే గుట్ట వైపు నుంచి పెద్ద చప్పుడు వినబడింది. కందకాలు తవ్వే ప్రొక్లైనర్ వస్తోంది, దాని వెనక జంగలాతోళ్ళ జీపు. ఇది అడవి నేల, చుట్టూ కందకం తీసి మొక్కలు పెడతామని చెప్పారు. పట్టాల సర్వే ఇంకా కాలేదన్నాను. వాళ్ళకు పైనుంచి ఆర్డరుందట. సర్వే అయ్యాక చూసుకొమ్మన్నారు. మాట కటువుగా ఏం లేదు. యంత్రం మాత్రం ఆగలేదు.

నేను ఇంటికి పరుగెత్తాను. అయ్య అప్పటికే డోలు దింపాడు. గుట్ట మొదట్లో ఎత్తు మీద నిలబడి కొట్టాడు. మూడు దెబ్బలు, ఊపిరి, మూడు దెబ్బలు. ముసలితనంలో ఆ చేతులకు అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. అమ్మా, నేనూ, ఇంకొందరు ఆడవాళ్ళం పోయి యంత్రం ముందు కూర్చున్నాం. మగవాళ్ళేరని వెనక్కి చూశాను. మా కుర్రాళ్ళంతా విల్లంబులు పట్టుకుని వాగు ఒడ్డున, మాకు వీపులు పెట్టి, తండా వైపు చూస్తూ నిలబడ్డారు. డోలు చప్పుడుకు తండా కదులుతుందని, ఈ సందులో మీదపడుతుందని సతీష్ వాళ్ళను అక్కడే ఆపేశాడు.

తండాలో ఏం జరిగిందో తర్వాత కమ్లి కాకి చెప్పింది. డోలు మోగగానే కోటేష్ అందరినీ తండా మొదట్లో గొడ్డళ్ళతో నిలబెట్టాడు. వస్తున్నరు, కోయోళ్ళు వస్తున్నరు అన్నాడు. మోతీలాల్ కాకా చెవి ఒగ్గి విన్నాడు. అవి ఆపద దెబ్బలు, మనల్ని పిలుస్తున్నారన్నాడు. మనల్ని బయటికి గుంజి కొట్టడానికే ఆ ఎత్తు అన్నాడు కోటేష్.  కాకా మూలనున్న గొడ్డలి తీసి భుజానేసుకున్నాడట. కాకి అడ్డం పోతే ఆమెతో ఒక్క మాటన్నాడు.

"దూలన్న నా కోసం కొడుతున్నడే. పోకుంటె ఎట్ల?"

బాట మీద కొడుకు వేసిన ముళ్ళకంప ఉంది. ఆ వయసులో దాన్ని దాటలేక వాగు కిందికి దిగి, జొన్నలో పడి వచ్చాడు. మంచె మీదున్నవాళ్ళకు మనిషి కనబడలేదు. జొన్న కంకుల మీదుగా ఒక గొడ్డలి మెరుస్తూ కదలడం కనబడింది. సతీష్ బాణం వదిలాడు.

కాకా అరుపు నాకు వినబడింది. అయ్యకు కూడా వినబడింది. డోలు ఆగిపోయింది.

నేను పోయేసరికి కాకా జొన్నమొక్కల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. బాణం తొడలో దిగింది. గొడ్డలి ఇంకా భుజం కిందే ఉంది, చేత్తో పట్టుకోను కూడా లేదు. సతీష్ మంచె దిగి వచ్చి, ఎవరో చూసి, విల్లు పారేసి నిలబడిపోయాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే వాణ్ణి వానలో జూలూరుపాడు దాకా మోసిన భుజం అది. కాకా వాణ్ణి చూసి కళ్ళు మూసుకున్నాడు.

మా దగ్గర బండి లేదు. కొత్తగూడెం దవాఖానాకు కాకాను తీసుకుపోయింది జంగలాతోళ్ళ జీపే. ఎవరికి అడ్డం పడదామని గొడ్డలి భుజానేసుకొచ్చాడో, వాళ్ళే ఎత్తి సీట్లో పడుకోబెట్టి, రక్తం కారకుండా తువ్వాలు కట్టారు. మంచివాళ్ళే. జీపు వెళ్ళేదాకా ప్రొక్లైనర్ కూడా ఆగింది. జీపు దుమ్ము అణిగాక మళ్ళీ మొదలుపెట్టింది. అడ్డం కూర్చునే ఓపిక మాలో ఎవరికీ లేకపోయింది. పొద్దుగూకేలోగా కందకం చెలక చుట్టూ తిరిగొచ్చింది. పాలు పోసుకున్న జొన్న మట్టి కింద పడింది.

పోలీసులు అడిగితే, జొన్నలో ఉన్నాను, ఎవరి మొకమూ కనబడలేదని చెప్పాడట కాకా. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. ఆ ఒక్కటి మాత్రం చెప్పాడు.

యుద్ధం జరగలేదు. చేయడానికి ఏమీ మిగల్లేదు. చలికాలంలో సర్వేవాళ్ళు వచ్చి మా హద్దు చూపించమన్నారు. సతీష్ ఇవతలి కందకం చూపించాడు. తండావాళ్ళు అవతలి కందకం చూపించారు. ఎవరి హద్దు మీదా ఎవరికీ పేచీ లేదు. నడుమ జంగలాతోళ్ళ నీలగిరి మొక్కలు.

మళ్ళీ భూమి పండుగ వచ్చింది. ఎవరినీ అడక్కుండా అయ్య డోలు దింపి భుజానేసుకున్నాడు. ఈసారి సతీష్ గడప దగ్గర లేడు, చండ్రుగొండలో కూలికి పోయాడు. అయ్యతో నేను వెళ్ళాను. చెలకకు అడ్డంపడి పోతే కూతవేటు దూరం. కందకం చుట్టూ తిరగాల్సొచ్చి ఎండ నెత్తికెక్కింది.

మోతీలాల్ కాకా అరుగు మీద కర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. కాలు చాపే ఉంది, ఇక ముడవడం కాదట. కాకి నీళ్ళిచ్చింది. అయ్య డోలు తీసి ఆయన ముందు పెట్టాడు. కాకా దాని తోలు మీద అరచెయ్యి ఆనించి, కొట్టకుండా అలాగే ఉంచాడు.

"అన్నా, ఆ దినం డోలు ఎందుకు ఆపినవ్?"

"నువ్వు పడ్డవ్ గదా తమ్మీ."

"నేను పడితేంది. నువ్వు కొట్టుడు ఆపకపోయేసరికి ఈడ మావోళ్ళు ఒక్కొక్కలే ముళ్ళకంప గుంజుతున్నరట. కోటేష్ గూడ గొడ్డలి భుజానేసిండట. అంతల డోలు ఆగింది. సూసిండ్రా, ఎత్తే అని మళ్ళ కూసున్నరు."

అయ్య కాకి వైపు చూశాడు. ఆమె అవునన్నట్టు తలూపి లోపలికి పోయింది. లోపల ఉన్న కోటేష్ బయటికి రాలేదు.

 ఇద్దరూ డోలుకు చెరోపక్కా కూర్చున్నారు. తర్వాత అయ్య డోలు అక్కడే ఉంచి లేచి, పోదాం పుష్పా అన్నాడు. కందకం చుట్టూ తిరిగి మేం ఇల్లు చేరేసరికి అమ్మ అన్నం వండి పెట్టి ఉంది. అయ్య తినలేదు.