అత్తగారి తిట్టు

రొడోపా కొండల పల్లెలో, తెల్లవారుజాము నుంచి నొప్పులు పడీ పడీ పొద్దెక్కాక నెవెనా కూతుర్ని కన్నది.

"నీ అరుపులకి ఊరంతా లేచి కూర్చుందే," అంది అత్తగారు స్తోయ్నా. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆవిడ నోట మెప్పన్నది నెవెనా ఎరగదు. వండిన చారులో ఉప్పెక్కువ, అల్లిన మేజోళ్లు వదులు.

స్తోయ్నా పసిగుడ్డును ఎత్తుకుని మూడుసార్లు తూ తూ అంది.

"ఛీ, ఎంత అనాకారి పిల్లో!"

దిష్టి తగలకుండా ఆ ఊళ్లో అందమైన వాళ్లనే అలా తిడతారు. నెవెనా నీరసంగా నవ్వింది.

బిడ్డను పక్కలో పడుకోబెట్టి, కోడలి చెమట జుట్టును వెనక్కి తోసి, ఆవిడ మళ్లీ తూ తూ అంది.

"నువ్వు మాత్రం తక్కువా? దీన్ని మించిన అనాకారివి!"

కాన్పులో అరుపులే తప్ప కంటతడి పెట్టని నెవెనా, ఆ తిట్టుకు వెక్కి వెక్కి ఏడ్చింది.