ఉప్పు వడగళ్ళు

వడగళ్ళ వాన వెలిసిన మర్నాడు పెద్దింటయ్య నిచ్చెన కావాలని కబురు పెట్టాడు. నిచ్చెన మాది కాబట్టి దాంతోపాటు నేనూ వెళ్ళాను.

చేపల చెరువులు కలిసొచ్చి ఆ ఏడే అతను ఏసీ పెట్టించాడు. కొల్లేటి గట్టున మా ఊళ్ళో అదే మొదటిది. దాని బయటి పెట్టె వంటింటి వెనక గోడకి, నడుం ఎత్తున ఉంది. వాన పడ్డప్పటినుంచి అందులో టపటపమని చప్పుడు.

"వడగళ్ళ దెబ్బయితే సరే. ఇంట్లోవాళ్ళ చెయ్యి తగిలిందని తేలిందా, ఈ పెట్టెని డాబా ఎక్కించేస్తాను," అన్నాడు పెద్దింటయ్య, నిచ్చెన గోడకి ఆనిస్తూ.

అతని భార్య తాయారమ్మ ముఖం మాడిపోయింది. ఆ పెట్టె ఊదే వేడిగాలికి ఆవిడ చేపలు ఎండబెడుతోందని మొగుడికి తప్ప వాడంతటికీ తెలుసు. ఎండలో పెడితే కాకులు, మబ్బులో పెడితే పురుగులు. ఇక్కడ ఆ రెండూ లేవు.

ఏలూరు నుంచి వచ్చిన మెకానిక్ బెంజమిన్ పైరేకు తడిమి చూశాడు. "సొట్టలున్నాయండి. వడగళ్ళే."

తాయారమ్మ మజ్జిగ తెచ్చిచ్చింది.

అతను పక్కకి వంగాడు. సన్నటి రేకులు ఒకచోట నలిగి, వాటి మధ్య ఇనప కొక్కెం వేలాడుతోంది. బెంజమిన్ ఆవిడ వంక చూశాడు. ఆవిడ గ్లాసులో ఇంకాస్త మజ్జిగ పోసింది.

"ఇదీ వడగళ్ళేనండి," అన్నాడు.

"కొక్కెంతో సహా పడ్డాయా?" అన్నాడు పెద్దింటయ్య.

బెంజమిన్ పెట్టె మూత విప్పాడు. ఫ్యాను రెక్క సందులోంచి ఎండు పరిగె ఒకటి జారి పెద్దింటయ్య కాళ్ళ దగ్గర పడింది. చప్పుడు దానిదే.

పెద్దింటయ్య చేపని తీసి వాసన చూశాడు. "ఈ వడగల్లుకి ఉప్పెవరు పెట్టారే?"

"కొల్లేటి మీంచొచ్చిన వాన కదండీ. చేప కూడా పడుద్ది మరి," అంది తాయారమ్మ.

"కడుపు చీరి, కడుక్కుని మరీ పడిందా?"

బెంజమిన్ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

పెద్దింటయ్య తోక తుంచి నోట్లో వేసుకున్నాడు. చేపల మనిషి, ఆ నమలడం ఒకపట్టాన తెమల్లేదు.

"మొన్న పులుసులోవి ఇయ్యేనా?"

"ఇయ్యేనండీ."

"మీ అమ్మ పంపిందన్నావు?"

"ఏసీ పంపిందంటే మీరు తింటారేటండీ?"

అతను ఇంకో ముక్క తుంచాడు. "ఏమయ్యా, డాబా మీదైతే వడగళ్ళు ఇంకా గట్టిగా కొడతాయి కదూ?" అని బెంజమిన్‌ని అడిగాడు.

"చాలా గట్టిగానండి."

"అయితే ఇక్కడే ఉండనీ." భార్య వైపు తిరిగాడు. "కొక్కేలు మాత్రం గోడకి కొట్టుకో."

ఎవరూ ఎక్కని నిచ్చెన నేను మోసుకొచ్చాను. ఇంటి దగ్గర దించితే, పైమెట్టుకి ఎండు పరిగెల మూట కట్టి ఉంది.

నేనేం మాట్లాడానని?